చెట్టు మీద ఉన్నాడని తెలిసీ జారోఫ్ ఎందుకు వదిలేశాడు?

రిచర్డ్ కానెల్ 1924లో రాసిన 'ది మోస్ట్ డేంజరస్ గేమ్' కథలో ఇదొక లొసుగు అన్నారు మీరు. తన దీవిలో మనుషుల్నే వేటాడే జనరల్ జారోఫ్‌కి, అక్కడ చిక్కుకుని ఎరగా మారిన వేటగాడు రెయిన్స్‌ఫర్డ్ మొదటి రాత్రే దొరికిపోయాడు కదా, చెట్టు మీదున్న అతన్ని కాల్చకుండా ఎందుకు వెళ్ళాడని మీ ప్రశ్న. లొసుగు కాదండీ, కథకి ఆయువుపట్టే అది.

ఆ సీన్ మళ్ళీ చదవండి. జనరల్ చూపు చెట్టు మొదలు నుంచి అంగుళం అంగుళం పైకి పాకి, రెయిన్స్‌ఫర్డ్ ఉన్న కొమ్మ దాకా రాకముందే ఆగిపోతుంది. నవ్వుకుంటాడు, పొగ ఉంగరం ఒకటి వదిలి తాపీగా వెనక్కి నడుస్తాడు. పట్టుకోలేక కాదు. భోజనాల దగ్గర తనే చెప్పాడుగా, జంతువుల వేట విసుగెత్తింది, ఆలోచించగల ఎర కావాలని. మూడు రోజులు దొరక్కుండా ఉంటే ఎర గెలిచినట్టు, అదీ గడువు. మొదటి రాత్రే చంపేస్తే మళ్ళీ విసుగే. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం!

మర్నాడూ ఇదే వరస. రెయిన్స్‌ఫర్డ్ పన్నిన ఉచ్చులో చెట్టు కూలి జారోఫ్ భుజానికి తగిలితే, ఉచ్చు బాగా పన్నావని మెచ్చుకుని కట్టు కట్టించుకోడానికి ఇంటికి పోతాడు. ఆ బడాయే అతని కొంప ముంచింది. దొరికిన వ్యవధిలో రెయిన్స్‌ఫర్డ్ గొయ్యి తవ్వాడు, కత్తి ఉచ్చుతో జారోఫ్ సేవకుడు ఇవాన్‌ని చంపాడు, చివరికి సముద్రంలో దూకి ఈదుకుంటూ ఏకంగా జారోఫ్ పడగ్గదిలోనే తేలాడు.

అసైన్‌మెంట్‌లో మాత్రం 'జాలిపడి వదిలాడు' అని రాయకండి. జాలి అన్నది ఆ మనిషిలో ఏ కోశానా లేదు.