బ్రేక్ ప్యాడ్లు ఇంట్లో మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు, కానీ ముందు లోపలి ప్యాడ్ చూడండి

మీరు అడిగింది ఇదీ: ఆరేళ్ల స్విఫ్ట్, 58 వేల కిలోమీటర్లు తిరిగింది, బ్రేక్ నొక్కితే కీచుమంటోంది, ముందు ప్యాడ్లు అరిగాయన్నారు. ప్యాడ్లు మీరే కొని మియాపూర్‌లో మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మార్చుకోవచ్చా అని.

ముందు చక్రాలవి అయితే మార్చుకోవచ్చండీ. నేను మూడుసార్లు మార్చాను, మొదటిసారి తప్పులు కూడా చేశాను. మీ బండికి వెనక ఉండేవి డ్రమ్ బ్రేకులు. వాటిలో ఉండేవి ప్యాడ్లు కావు, షూలు. స్ప్రింగులు తీసి మళ్లీ పెట్టడం పెద్ద తలనొప్పి, వాటి జోలికి ఇప్పుడే పోకండి.

అసలు విషయానికి ముందు నా కథ కొంచెం చెప్పాలి. నాదొక పాత హ్యాచ్‌బ్యాక్. మీలాగే కీచుమంటే, చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూశాను. ప్యాడ్ సగం పైనే ఉంది. దుమ్ము పట్టి అరుస్తోందిలే అనుకుని వదిలేశాను. రెండు నెలల తర్వాత జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి కిందికి దిగుతుంటే కీచుమనడం పోయి గరగరమని మొదలైంది. వీధి చివర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, "అన్నా, ప్యాడ్ ఇంకా మస్తుగా ఉంది కదా" అన్నాను. ఆయన చక్రం విప్పి నవ్వాడు. "సార్, మీరు సూసింది బయటి ప్యాడ్. లోపలిది సూసిన్రా?" లోపలి దానికి మసాలా (డిస్కుకి రాసుకుని అరిగే పొర) అన్నదే లేదు. వెనకున్న ఇనప రేకే, చక్రంతో పాటు తిరిగే డిస్కుని గీకుతోంది. ఒక్క ప్యాడ్ల ఖర్చుతో పోయేది, ప్యాడ్లకూ డిస్కుకూ కలిపి కట్టాను.

ఎందుకలా అవుతుందంటే, మన చిన్న కార్లకి పిస్టన్ (పెడల్ తొక్కితే ప్యాడ్‌ని నెట్టే గుండ్రటి ఇనప ముక్క) ఒకవైపే ఉంటుంది. అది ముందు లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కుతుంది. ఆ తోపుడుకి కాలిపర్ (పిస్టన్‌నీ ప్యాడ్లనీ పట్టి ఉంచే ఇనప భాగం) మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జారి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. ఆ పిన్నులు బిగుసుకుపోతే కాలిపర్ జారదు, పనంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. నా బండికి పిన్ను మీది రబ్బరు తొడుగు చిరిగి, లోపల తుప్పు పట్టింది. వానాకాలంలో మలక్‌పేట రైల్వే వంతెన కింద నీళ్లలోంచి ఎన్నిసార్లు పోనిచ్చానో, అందులో ఆశ్చర్యమేమీ లేదు. అందుకే ప్యాడ్లు మార్చడం కంటే పిన్నులు చూడటమే అసలు పని అంటాను. వాటిని వదిలేసి కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే ఒకవైపే అరిగిపోతాయి.

మీ శబ్దం ఇంకా కీచుమనే దగ్గరే ఉందంటే కొంత టైమ్ ఉన్నట్టే. చాలా ప్యాడ్లకి చిన్న రేకు ముక్క ఉంటుంది, మసాలా 2-3 మిల్లీమీటర్లకి రాగానే అది డిస్కుకి తగిలి అరుస్తుంది. గరగరమంటే మాత్రం ఆ రోజే బండి ఆపేయండి.

ప్యాడ్లు నేను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, బండి విడిభాగాల దుకాణంలో తెచ్చుకున్నాను. ఆర్‌సీ ఫోటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి. మోడల్, సంవత్సరం, పెట్రోలా డీజిలా చెప్పకపోతే చూడ్డానికి ఒకేలా ఉండి అర సెంటీమీటరు తేడా ఉన్నవి చేతిలో పెడతారు. సెట్టులో నాలుగు వస్తాయి, రెండు చక్రాలకీ కలిపి మార్చాలి. ఒకవైపే మార్చితే బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకి లాగుతుంది. ప్యాడ్లతో పాటు కాలిపర్ పిన్నులకి వాడే గ్రీజు కూడా అడిగి తీసుకోండి. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది.

సెల్లార్ సంగతి చూసుకోండి. ర్యాంపు దగ్గర వద్దు, చదునుగా ఉన్న చోటే. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. చక్రం నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే కొద్దిగా వదులు చేయాలి, లేపాక తిప్పితే చక్రం కూడా తిరుగుతుంది. బండితో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద నిలబెట్టి పని చేయకండి, జాక్ స్టాండు (లేపిన బండి బరువుని మోసే ఇనప స్టాండు) కొనండి. విప్పిన చక్రాన్ని బండి కింద అడ్డంగా పడుకోబెడితే ఇంకో ధైర్యం. మా వాచ్‌మన్ నన్ను చూసి, "ఇంత జాగ్రత్తా సార్" అన్నాడు. అవును, ఇంత జాగ్రత్తే కావాలి.

చక్రం తీశాక ఫోటో తీసుకోండి. ఒకవైపు పూర్తయ్యేదాకా రెండోవైపు ముట్టుకోవద్దు, ఏ క్లిప్పు ఎటు పెట్టాలో తెలియకపోతే అటు వెళ్లి చూసుకోవచ్చు. కాలిపర్ బోల్టులు చేతికందేలా స్టీరింగు ఒక పక్కకి తిప్పుకోండి. కింది బోల్టు ఒక్కటే తీసి కాలిపర్‌ని పైకెత్తితే చాలు (నా బండికి 14 నంబరు స్పానర్ సరిపోయింది). రెండూ తీస్తే కాలిపర్‌ని తీగతో కట్టండి, బ్రేక్ పైపుకి వేలాడనివ్వకూడదు. పాత ప్యాడ్లు తీసి మసాలా మందం చూడండి. డిస్కు మీద అంచుకి గోరు తగిలి ఆగిపోయేంత గాడి పడితే, లేదా డిస్కు మీద చెక్కి ఉన్న కనీస మందం కంటే తగ్గితే, అది మార్చాల్సిందే. ఆ రెండూ లేనప్పుడు కూడా డిస్కులు మార్చాలని ఎవరన్నా చెప్తే కారణం అడగండి.

పిన్నులు రెండూ లాగి, తుడిచి, గ్రీజు పల్చగా రాయండి. చేత్తో నెడితే నున్నగా లోపలికి పోవాలి. దుమ్ము నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. కొత్త ప్యాడ్ ముఖం మీదా డిస్కు మీదా గ్రీజు, చమురు అంటకూడదు.

కొత్త ప్యాడ్ మందంగా ఉంటుంది కనుక పిస్టన్‌ని వెనక్కి నెట్టాలి. పాత ప్యాడ్‌ని దాని మీద పెట్టి సి క్లాంపుతో (మర తిప్పి నొక్కే పనిముట్టు) మెల్లగా బిగించండి. నెడుతుంటే బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం పెరుగుతుంది. ఎవరైనా పైదాకా టాపప్ చేసి ఉంటే పొంగుతుంది. బ్రేక్ ఆయిల్ రంగుని తినేస్తుంది, నా ఫెండర్ మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నెట్టేముందు కొంచెం తీసేయండి. కాలిపర్ విప్పి ఉన్నంతసేపు పెడల్ ఎవరూ తొక్కకుండా చూడండి. పిల్లలున్న ఇంట్లో నేను తాళం జేబులో పెట్టుకునేవాణ్ని.

నా పెద్ద తప్పు ఆ తర్వాతే. అంతా బిగించి, సంబరంగా స్టార్ట్ చేసి రివర్స్ వేశాను. పెడల్ నేరుగా నేలకి దిగిపోయింది. పిస్టన్ ఇంకా వెనక్కే ఉంది కదా, ప్యాడ్‌ని తాకనే లేదు. సెల్లార్ స్తంభానికి బెత్తెడు దూరంలో హ్యాండ్ బ్రేక్ లాగాను. మా ఆవిడ లిఫ్టు దగ్గర నిలబడి చూసింది, ఇప్పటికీ అంటుంది. మీరు మాత్రం స్టార్ట్ చేయకముందే పెడల్‌ని మెల్లగా పదీ పదిహేనుసార్లు తొక్కండి, గట్టిపడేవరకూ. గట్టిపడకుండా మెత్తగా స్పాంజిలా ఉంటే గాలి చేరినట్టు. అప్పుడు బండి కదపకుండా మెకానిక్‌నే రమ్మనండి.

ఆ తర్వాత ప్యాడ్లని డిస్కుకి అలవాటు చేయాలి. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10 దాకా తగ్గించి మళ్లీ పెంచుతూ, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు చేయండి. మధ్యలో కాస్త చల్లారనివ్వాలి. మొదట్లో పట్టు తక్కువగా ఉంటుంది, కాబట్టి మొదటి రోజే కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో దూరకండి. వంద కిలోమీటర్ల తర్వాత నట్లు మరోసారి బిగించి చూడండి.

నాకు మొదటిసారి నాలుగు గంటలు పట్టింది. బోల్టు కదలకపోతే పైపు తగిలించి బలవంతం చేయకండి, పిన్ను అసలు ఊడిరాకపోతే కూడా అక్కడే ఆపేయండి. పాత ప్యాడ్లు విప్పాక లోపలిదీ బయటిదీ పక్కపక్కన పెట్టి ఫోటో తీయండి. రెండూ ఒకేలా అరిగి ఉంటే పని సులువు. తేడా ఉంటే ఎంతుందో చెప్పండి, పిన్నుల సంగతి మాట్లాడుకుందాం.