మెడిసిన్ అప్లికేషన్‌కు కన్సల్టెన్సీ కావాలా?

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. పొగాకు వేస్తాను. పాప టెన్త్ దాకా పొదిలిలో, ఇంటర్ నెల్లూరు హాస్టల్లో ఉండి చదివింది. ఒక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తర్వాత ఈసారి నీట్ క్వాలిఫై అయింది. ర్యాంకు చూస్తే తక్కువ ఫీజుకు వచ్చే కన్వీనర్ సీటు వస్తుందో రాదో అన్నట్టుంది. మేం బీసీలం. అప్లికేషన్, ఫైలు అంతా ప్రొఫెషనల్‌గా తయారుచేస్తాం, నలభై వేలు ఇవ్వండని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. ఇక్కడ రాకపోతే జార్జియాలో సీటు గ్యారంటీ అట. లోకల్ ఏరియా ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) అని పెడితే లాభమని కూడా చెప్పారు. పాప ఆరు, ఏడు చదివిన స్కూలు మూతపడింది. నాకు ఇంగ్లీషు రాదు, నా వల్ల దాని సీటు పోతుందేమోనని నిద్ర పట్టడం లేదు. ప్రైవేటు కాలేజీలో ఎక్కువ ఫీజుండే బీ కేటగిరీ సీటు మంచిదా, విదేశం మంచిదా?

జవాబు: బీ కేటగిరీ, విదేశం సంగతి తర్వాత చూద్దాం. నీట్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది మాట మీదే: ‘మాకు తెలియక పిల్లకు అన్యాయం చేస్తామేమో’. చేయరు. మీకు ఇంగ్లీషు రాకపోవడం వల్ల సీటు పోదు. మన రాష్ట్రంలో మెడిసిన్ సీట్లు నింపే డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అప్లికేషన్‌లో వ్యాసాలు రాసేది లేదు, ఆ తర్వాత ఇంటర్వ్యూ లేదు. చూసేది ర్యాంకు, కేటగిరీ, లోకల్ ఏరియా, పెట్టిన కాలేజీ ఆప్షన్లు. పొగాకు వేలం కేంద్రానికి వెళ్లేవాళ్లు మీరు, మీకు నేను చెప్పాలా? బేలుకు కొత్త గోనె చుట్టినంత మాత్రాన ఆకు గ్రేడ్ మారుతుందా? ఆ నలభై వేలు గోనెకు.

అలాగని ఎట్లా పడితే అట్లా నింపమని కాదు. అన్ని కాగితాల్లో ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ, ఒకే తండ్రి పేరు ఉండాలి. మన దగ్గర ఎక్కువగా తిరకాసు పెట్టేది ఇంటిపేరు. టెన్త్ మెమోలో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, కుల ధ్రువపత్రంలో పేరు చివర్లోకి పోతుంది. టెన్త్ మెమోను పక్కన పెట్టుకుని మిగతావన్నీ దాంతో అక్షరం అక్షరం పోల్చమని పాపకు చెప్పండి. తేడా ఉన్న కాగితాన్ని ఇప్పుడే సరిచేయించుకుంటే, నోటిఫికేషన్ వచ్చాక మీసేవ చుట్టూ తిరిగే పని ఉండదు. ఇక స్కాన్. మంచం మీద పరిచి ఫోన్‌తో తీసిన మెమోలు చాలా చూశాను. ఒక మూల దుప్పటి పువ్వులు, ఇంకో మూల హాల్‌టికెట్ నంబరు మీద బొటనవేలి నీడ. స్కానర్ మీద పెట్టి తీయించండి, అప్‌లోడ్ చేశాక మళ్లీ తెరిచి చదవండి.

లోకల్ దగ్గర మాత్రం నిదానంగా వినండి. నెల్లూరు జిల్లా ఎస్వీయూ పరిధి, మీ పొదిలి ఉన్న ఉమ్మడి ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) పరిధి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచీ ఇంతే. పక్కపక్క జిల్లాలే అయినా సీట్ల లెక్కలో వేరు. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఒకే పరిధిలో చదివితే అక్కడ లోకల్. మీ పాప తొమ్మిది, పది ఇటు, ఇంటర్ అటు చదివింది కాబట్టి ఆ లెక్క కుదరదు. అప్పుడు ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లు తీసి ఎక్కడ ఎక్కువ చదివిందో చూస్తారు. అయిదేళ్లు పొదిలి, రెండేళ్లు నెల్లూరు. కాబట్టి పాప ఏయూ లోకల్. లాంగ్‌టర్మ్ ఏడాది ఈ లెక్కలోకి రాదు. ఎస్వీయూ అని పెడితే లాభమని చెప్పినవాళ్లు, వెరిఫికేషన్‌లో ఆ క్లెయిమ్ కొట్టేసినప్పుడు మీ పక్కన నిలబడరు. ఒంగోలు, గుంటూరు, కాకినాడ, విశాఖ ప్రభుత్వ కాలేజీల్లో మీది లోకల్ వాటా. నెల్లూరు కాలేజీలో 85 శాతం అక్కడి లోకల్ వాళ్లకు పోగా మిగిలిన 15 శాతంలో పోటీ పడొచ్చు, కాబట్టి ఆ ఆప్షన్ కూడా పెట్టుకోండి. ఈ ఏడాది ప్రాస్పెక్టస్ ఒకసారి చదివించుకోండి, అది మాత్రం తప్పదు.

ఆలిండియా కోటా 15 శాతం సీట్లకు కేంద్రం తరఫున కౌన్సెలింగ్ చేసే ఎంసీసీ వెబ్‌సైట్‌లో విడిగా రిజిస్టర్ కావాలి. అక్కడ రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ చెల్లదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకుని అప్లై చేయండి.

ఇప్పుడు కాస్త కోపంగానే అడుగుతాను. మీ ప్రశ్నలో కన్సల్టెన్సీ వాళ్లు ఏమన్నారో ఉంది, మీకేం భయమో ఉంది. పాప ఏమంటుందో ఒక్క ముక్క లేదు. నీట్ రాసి గట్టెక్కిన పిల్లకు ఒక ఫారం నింపడం రాదా? చాలా ఇళ్లలో ఇదే చూస్తున్నాను: పాస్‌వర్డ్ నెట్ సెంటర్ కుర్రాడి దగ్గర, ఓటీపీ నాన్న ఫోన్లో, ఒరిజినల్ మెమోలు కన్సల్టెన్సీ బీరువాలో. పిల్ల చేతిలో ఏమీ ఉండదు. ఆప్షన్లు ఇంకొకరు ఫ్రీజ్ చేసేస్తే, వచ్చిన సీటు చూసి ఏడ్చేది ఆ పిల్లే. ఫారం పాప నింపాలి, మీరు పక్కన కూర్చోవాలి. ఒరిజినల్స్ ఇల్లు దాటకూడదు.

జార్జియా గురించి నాకున్న అనుమానాలు దాచుకోను. ఎవరి ఫైలైనా పది రోజుల్లో ఓకే చేసి ఉత్తరం పంపే కాలేజీ, ఆ ఫైలు చదివిందని నేను నమ్మను. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం అక్కడ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, అంతా ఇంగ్లీషులోనే సాగాలి, ఆ సంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో ప్రాక్టీసుకు రిజిస్టర్ కాగల డిగ్రీ అయ్యుండాలి. తిరిగొచ్చాక ఇక్కడ పరీక్ష పాసై ఇంకో 12 నెలలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఎఫ్ఎంజీఈ అనే ఆ పరీక్షలో 300 ప్రశ్నలకు 150 రావాలి. అది దాటలేక కోచింగ్ సెంటర్ల చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతున్న పిల్లలు మన జిల్లాల్లోనూ ఉన్నారు. కన్సల్టెన్సీ గోడ మీద ఆ ఫొటోలు వేయరు. పాఠం ఇంగ్లీషులో చెప్పినా మంచం మీది రోగి జార్జియన్ మాట్లాడతాడు. ఎక్కడ నొప్పి అని అడగడానికే భాష నేర్చుకోవాలి. 2022లో యుక్రెయిన్ నుంచి పిల్లలు సగం చదువుతో ఎట్లా వచ్చారో అందరం చూశాం. అన్ని కాలేజీలూ చెడ్డవని అనను. పైన చెప్పిన షరతులన్నీ రాతపూర్వకంగా చూపించమని అడగండి, జవాబు ఎంత సేపట్లో వస్తుందో చూడండి.

బీ కేటగిరీ సీట్లు కూడా నీట్ ర్యాంకు మీద యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు. ఎవరో ఇప్పించేవి కావు. ఫీజు ఏటా కట్టగలరా అన్నదొక్కటే ప్రశ్న. రెండేళ్లు కట్టి పొలం అమ్మకానికి పెట్టే పరిస్థితి అయితే నేను వద్దంటాను. దానికంటే ముందు కన్వీనర్ రౌండ్లన్నీ చూడండి. ఆలిండియాలో చేరినవాళ్లు ఇక్కడి సీట్లు వదులుకుంటారు, లిస్టు కిందికి జరుగుతుంది. మొదటి జాబితాలో పేరు లేదని ఆ సాయంత్రమే కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టేవాళ్లను చూసి జాలేస్తుంది. బీడీఎస్‌కు ఎంబీబీఎస్‌తో కలిపే అప్లికేషన్ ఉంటుంది. ఆయుర్వేదం, హోమియో లాంటి ఆయుష్ కోర్సుల నోటిఫికేషన్ విడిగా వస్తుంది, పాపకు ఇష్టమైతే దానికీ అప్లై చేయించండి.

మూతపడిన స్కూలు గురించి టెన్షన్ వద్దు. కానీ ఆలస్యం చేయకండి, ఏయూ లోకల్ లెక్కకు ఆ రెండేళ్ల స్టడీ సర్టిఫికెట్ కావాలి. పొదిలి మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్లి ఆ స్కూలు అడ్మిషన్ రిజిస్టర్ ఎక్కడుందో అడగండి. పాప ఏ ఏడాదిలో చేరిందో, ఏ ఏడాదిలో వెళ్లిందో కాగితం మీద రాసుకుని, టీసీ జిరాక్స్ వెంట పెట్టుకుని సోమవారమే వెళ్లండి. పాపను కూడా తీసుకెళ్లండి.