‘బ్లూ’ విని పాటలు రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ పాటలు విన్నాను. వాటి సంగతి తర్వాత చెప్తాను. ముందు నీ మెయిల్‌లో ఉన్న ప్రశ్న. “ఇదంతా నా సొంత గొడవ కదా అక్కా, బయటివాళ్లకి ఎందుకు? డైరీలో ఉండాల్సిందేమో” అన్నావు. అదే మెయిల్‌లో గాయని జోనీ మిచెల్ ‘బ్లూ’ ఆల్బమ్ విన్నాకే గిటార్ పట్టుకున్నానని కూడా రాశావు. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదువుకో. ‘బ్లూ’ 1971 జూన్‌లో వచ్చింది. 10 పాటలు, దాదాపు 36 నిమిషాలు. కెనడాలో పుట్టి కాలిఫోర్నియా చేరిన 27 ఏళ్ల అమ్మాయి సొంత గొడవే అదంతా. మరి అది ఇన్నేళ్ల తర్వాత హైదరాబాద్‌లో నీ హాస్టల్ గదిదాకా ఎలా వచ్చింది?

గుండె విప్పి ఉన్నదంతా చెప్పేసింది కాబట్టి నిలిచింది అంటారు చాలామంది. నువ్వూ అలాగే అనుకుంటున్నట్టున్నావు. నేను ఒప్పుకోను. ఆ మాట నమ్మితే నీ పాటలు చెడిపోతాయని నా భయం.

ఆ పాటలు విన్నప్పుడు క్రిస్ క్రిస్టాఫర్‌సన్ అనే గాయకుడు కంగారుపడి “జోనీ, నీకంటూ కాస్తయినా దాచుకో” అన్నాడట. ఆ మాట చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ రోజుల్లో తనకి ఏ రక్షణా లేదనీ, సిగరెట్ పెట్టె మీద ఉండే పల్చటి కాగితంలా ఉండేదాన్ననీ జోనీ కూడా తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. అది నిజమే. కానీ ఆల్బమ్‌లో మూడో పాట ఉంది చూడు, ‘లిటిల్ గ్రీన్’. దాన్ని మళ్లీ విను, ఈసారి నేను చెప్పేది తెలుసుకుని విను.

1965లో టొరంటోలో జోనీ ఒక ఆడపిల్లని కన్నది. పెళ్లి కాలేదు, చేతిలో డబ్బు లేదు, పిల్ల తండ్రి వెళ్లిపోయాడు. కన్నవాళ్లకి కూడా చెప్పలేదు. చివరికి ఆ పిల్లని దత్తతకి ఇచ్చేసింది. ‘లిటిల్ గ్రీన్’ ఆ పిల్ల గురించే. పాటలో అన్నీ ఉన్నాయి. పేరు పెట్టడం ఉంది, వెచ్చగా ఉంటుందని విని కాలిఫోర్నియా వెళ్లిపోయిన మనిషి ఉన్నాడు, సంతకం పెట్టిన కాగితాలు ఉన్నాయి, రాబోయే పుట్టినరోజుల బట్టలు ఉన్నాయి. బాధ ఉందని, సిగ్గు మాత్రం లేదని కూడా ఉంది. లేనిది ఒక్కటే, “నేను నా బిడ్డని ఇచ్చేశాను” అనే వాక్యం. 1971లో రోలింగ్ స్టోన్ పత్రికలో సమీక్ష రాసినాయనకి ఆ పాట బొత్తిగా అర్థం కాలేదు. ఏవో గూఢమైన సంకేతాలు, ఎవరికీ అంతుపట్టవు అన్నట్టు రాశాడు. అసలు సంగతి 1990లలో గానీ లోకానికి తెలియలేదు. 1997లో తల్లీకూతుళ్లు కలుసుకున్నారు.

ఇప్పుడు చెప్పు, ఆమె దాచిందా, చెప్పిందా? పిల్లకి చెప్పాల్సింది పిల్లకి చెప్పింది. ఊరికి చెప్పక్కర్లేనిది చెప్పలేదు. ఆ విషయం తెలియకుండా పాతికేళ్ల పాటు ఆ పాట విన్నవాళ్లకి కూడా ఏదో పోగొట్టుకున్న నొప్పి అందింది. పేగు తెంచుకుని ఇచ్చేశాక కూడా బిడ్డ మంచి కోరే గొంతు అది. వినేవాళ్లు దాన్ని వాళ్ల వాళ్ల నష్టాలకి అన్వయించుకున్నారు. ఇలాంటి ఆల్బమ్‌లు ఎందుకు నిలుస్తాయి అంటే నా జవాబు ఇదే. రహస్యం బయటపెట్టినందుకు కాదు. ఆ అనుభవంలో ఏ వస్తువు, ఏ మాట, ఏ చలి ఉందో కచ్చితంగా పట్టుకుని, మిగతాది వదిలేసినందుకు. ఆ వదిలేసిన చోటులోకే వినేవాళ్లు వచ్చి కూర్చుంటారు.

‘బ్లూ’లోనే ఇంకో పాట, ‘ఎ కేస్ ఆఫ్ యు’. బార్‌లో టీవీ నీలం వెలుతురులో, గ్లాసు కింద పెట్టే అట్టముక్క వెనక కెనడా మ్యాప్ గీసి, దాని మీద ప్రియుడి ముఖం రెండుసార్లు గీసుకుంటుంది. ఇల్లు మీద బెంగ, మనిషి మీద బెంగ రెండూ ఆ అట్టముక్క మీదకి వచ్చేశాయి. ‘బెంగ’ అన్న మాట వాడలేదు. నువ్వు కూడా ఇది చేయగలవు, చేశావు కూడా. నీ మూడో పాటలో “నీ హెల్మెట్ ఇంకా మా షూ ర్యాక్ మీదే ఉంది” అన్నావు. అది విని నేను పాట ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. దాని తర్వాతి లైనులో “నా గుండె ముక్కలై పోయింది” అన్నావు. హెల్మెట్ చెప్పేసిన దాన్ని గుండె ఇంకోసారి చెప్పింది. ఆ లైన్ తీసెయ్. టేలర్ స్విఫ్ట్ ‘ఆల్ టూ వెల్’ పాటలో ప్రియుడి అక్క ఇంట్లో మర్చిపోయిన స్కార్ఫ్ గురించి మీ వాళ్లంతా ఎంత మాట్లాడుకున్నారో నీకు నాకంటే బాగా తెలుసు. ఆ పాట 10 నిమిషాల వెర్షన్ 2021లో వచ్చి అమెరికాలో నంబర్ వన్ అయింది. అంత పొడుగు పాట అంతకుముందు ఎప్పుడూ ఆ స్థానానికి చేరలేదు. ఎవరి స్కార్ఫ్ అన్నది కొన్నాళ్లకి ఎవరికీ పట్టదు. స్కార్ఫ్ ఉంటుంది.

ఇక రెండోది. ఇది కాస్త కష్టమైన సంగతి. నీ పాటల్లో తప్పంతా అతనిదే. ఒక్క పాటలో కూడా నీ తప్పు లేదు. నిజంగా లేకపోవచ్చు, నాకేం తెలుసు. కానీ వరసగా అన్నీ వింటుంటే ఫిర్యాదు కాగితం చదువుతున్నట్టు అయింది. ‘రివర్’ ఎలా మొదలవుతుంది? క్రిస్మస్ పాట ‘జింగిల్ బెల్స్’ పియానో మీద వస్తుంది, కానీ దాంట్లో పండగ కళ ఉండదు. చుట్టూ అందరూ చెట్లు కొట్టి అలంకరించుకుంటుంటే ఈమెకి గడ్డకట్టిన నది కావాలి, దాని మీద స్కేట్ చేసుకుంటూ పారిపోవాలి. చిన్నప్పుడు ఆమె పెరిగిన సస్కటూన్‌లో నది గడ్డకడుతుంది. కాలిఫోర్నియాలో ఆమె ఉన్న చోట మంచే పడదు. ఇంతలో ఒప్పుకుంటుంది, నాతో వేగడం కష్టం, నేను స్వార్థపరురాలిని, మంచి మనిషిని చేజేతులా పోగొట్టుకున్నాను అని. ఆ ఒప్పుకోలు వచ్చిన క్షణం నుంచి ఆమె ఏం చెప్పినా నమ్ముతాం. ఆఖరి పాట ‘ద లాస్ట్ టైమ్ ఐ సా రిచర్డ్’లో అయితే ఇంకా ముందుకి వెళ్లింది. ఎదుటివాడే ఆమెని ఏకిపారేస్తాడు, కలలు కనేవాళ్లందరి గతీ ఇంతే అంటాడు. అతని మాటలు చెత్తగా రాయలేదు ఆమె. పదునుగా రాసింది. తర్వాత అతను పెళ్లి చేసుకుని, డిష్‌వాషర్, కాఫీ మిషన్ కొనుక్కుని, ఇంట్లో టీవీ పెట్టుకుని తాగుతూ కూర్చుంటాడు. ఎవరు గెలిచారో పాట తేల్చదు. నీ పాటల్లో అతనికి ఒక్క మంచి వాక్యమైనా ఇవ్వు. నిన్ను నిజంగా గుచ్చిన మాట ఏదో ఒకటి అనే ఉంటాడు.

పాటలో వచ్చే ‘నేను’ అచ్చం నువ్వే కావాలన్న రూలు కూడా లేదు. కరోల్ కింగ్ అనే గాయని ‘టాపెస్ట్రీ’ ఆల్బమ్ తీసుకో. అదీ 1971దే, ఫిబ్రవరిలో వచ్చింది. కరోల్, జోనీ ఇద్దరూ ఆ ఏడాది మొదట్లో హాలీవుడ్‌లోని ఎ అండ్ ఎమ్ స్టూడియోలోనే, వేరు వేరు గదుల్లో రికార్డింగ్ చేసుకుంటున్నారు. ‘టాపెస్ట్రీ’ అమెరికాలో 15 వారాలు నంబర్ వన్‌గా ఉంది, ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్‌తో కలిపి నాలుగు గ్రామీలు వచ్చాయి. దాంట్లో ‘ఇట్స్ టూ లేట్’ వింటే పెళ్లి విరిగిపోయిన మనిషి తెల్లారి మంచం మీద నుంచి లేవలేక చెప్తున్న మాటల్లా ఉంటాయి. ఆ మాటలు రాసింది టోనీ స్టర్న్ అనే ఇంకో ఆవిడ. ట్యూన్, గొంతు కరోల్‌వి. అదే ఆల్బమ్‌లో ‘విల్ యు లవ్ మి టుమారో’ మరీ చిత్రం. కరోల్ టీనేజ్‌లో ఉన్నప్పుడు, 1960లో, అప్పటి భర్త జెర్రీ గాఫిన్‌తో కలిసి షిరెల్స్ అనే అమ్మాయిల గ్రూపు కోసం చేసిన పాట అది. మాటలు గాఫిన్‌వి. షిరెల్స్ పాడితే ప్రేమలో కొత్తగా పడ్డ అమ్మాయి అనుమానం. పదేళ్లు గడిచి, అతనితో విడాకులు అయ్యాక, ఇద్దరు కూతుళ్ల తల్లి పియానో ముందు కూర్చుని అవే మాటలు నెమ్మదిగా పాడితే, ఆ ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి మళ్లీ అడుగుతున్నట్టు ఉంటుంది. వెనక కోరస్‌లో జోనీ కూడా ఉంది. మగవాడు రాసిన మాటలు ఆమె సొంత కథ అయిపోయాయి. 1988లో ట్రేసీ చాప్‌మన్ పాడిన ‘ఫాస్ట్ కార్’ కూడా ఇంతే. తనకి అలాంటి కారు ఎప్పుడూ లేదని, అది వేరే ఒక జంట కథ అని ఆమే చెప్పింది. వినేవాళ్లెవరూ ఆ పాటని నమ్మడం మానలేదు. 2023లో ల్యూక్ కోంబ్స్ అనే కంట్రీ గాయకుడు మాటలు దాదాపు అలాగే ఉంచి పాడితే మళ్లీ పెద్ద హిట్ అయింది.

మన దగ్గర ఇది కొత్తగా వినిపించడానికి ఒక కారణం ఉంది. సినిమా పాటల్లో ఆడవాళ్ల బెంగ, విరహం బోలెడు. సుశీల గారో జానకి గారో పాడితే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ మాటలు దాదాపు ఎప్పుడూ మగవాళ్లు రాసినవే. గొప్పగా రాశారు, ఆ విషయంలో నాకు పేచీ లేదు. దంపుడు పాటల్లో, తిరగలి పాటల్లో ఆడవాళ్లు తమ మాటలు తామే కట్టుకున్నారు. అత్తింటి ఆరళ్లు, పుట్టింటి మీద బెంగ అన్నీ పాడుకున్నారు. వాళ్ల పేర్లు మాత్రం మనకి మిగల్లేదు. మాట నీదే, ట్యూన్ నీదే, గొంతు నీదే, కింద పేరు కూడా నీదే అయితే ఎలా ఉంటుందో తెలుగులో వినాలని నాకు చాలా ఆశగా ఉంది. నీకు ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నది అందుకే.

పేరు పెడితే ఒక బెడద తప్పదు, ఇప్పుడే చెప్పేస్తున్నా. ఆడపిల్ల ‘నేను’ అని రాస్తే మొదటి ప్రశ్న “ఎవరి గురించి?” అని వస్తుంది. జోనీకి ఎవరెవరితో సంబంధాలు ఉన్నాయో రోలింగ్ స్టోన్ పత్రిక 1970ల మొదట్లో ఏకంగా బొమ్మ గీసి వేసింది. ఆమె ఆ పత్రికతో ఏళ్ల తరబడి మాట్లాడలేదు, 1979 దాకా.  అలానిస్ మోరిసెట్ అనే గాయని 1995లో ఒక పాట కోపంగా పాడితే, ఆ కోపం ఎవరి మీదో ఇన్నేళ్లయినా ఆమె నోరు విప్పి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఇంటర్వ్యూలో కాదు, స్నేహితురాళ్ల వాట్సాప్ గ్రూపులో కూడా చెప్పకు.

ఇంకో మాట నీ మెయిల్‌లో నన్ను కలవరపెట్టింది. “బాగా బాధలో ఉన్నప్పుడే మంచి పాట వస్తుంది, ఇప్పుడు కొంచెం బాగున్నాను కాబట్టి రాయలేకపోతున్నా” అన్నావు. అమ్మా, ఆ ఆలోచన పెట్టుకోకు. ఎమీ వైన్‌హౌస్ అనే గాయని 2011లో 27 ఏళ్లకే పోయింది. ఆమె బాధని జనం చాలా మెచ్చుకున్నారు, ఆమెని కాపాడుకోలేకపోయారు. 2006 నాటి ఆమె ఆల్బమ్ ‘బ్యాక్ టు బ్లాక్’ ఇప్పటికీ నిలబడింది అంటే దానికి కారణం పనితనం. 60లలో షిరెల్స్ లాంటి గ్రూపులు పాడిన తీరు ఆమెకి తల నుంచి కాలి దాకా తెలుసు. ఆ పాత తియ్యటి చట్రంలో చేదు మాటలు పెట్టింది. జోనీ సంగతి కూడా పనే. 9 ఏళ్లకి పోలియో వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది. మామూలు కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు, పట్టుకోవడం కష్టమై గిటార్ తీగల్ని తన చేతికి అనువుగా శ్రుతి చేసుకుంది. అందులోంచి వచ్చిన స్వరాలు ఎక్కడా తేలిగ్గా సర్దుకోవు. వాటిని ఆమె ‘ప్రశ్నలు అడిగే కార్డ్స్’ అంటుంది. ‘బ్లూ’ దాదాపు పూర్తయ్యాక రెండు పాత పాటలు తీసేసి రెండు కొత్తవి పెట్టింది. మొదటి పాటా, ఆఖరి పాటా ఆ కొత్తవే. అవి లేని ‘బ్లూ’ని ఊహించుకో. ఏడుస్తూ చేసే పని కాదది. చల్లటి బుర్రతో చేసేది. నువ్వు కొంచెం బాగున్నావు కదా, ఇప్పుడే పాత పాటలు బాగుచేయడానికి సరైన టైమ్.

నీ పాటల దగ్గరికొస్తాను. మొదటి పాట తీసెయ్, అది నీది కాదు, నువ్వు విన్నవాళ్లది. మూడో పాటలో హెల్మెట్ ఉంచు, గుండె తీసెయ్. నాలుగో పాటలో “ఓ మై లవ్” అని నాలుగుసార్లు వస్తోంది. మీ ఇద్దరూ ఏ భాషలో తిట్టుకున్నారో ఆ భాషలోనే రాయి, నల్గొండ మాట వస్తే రానివ్వు. ఐదోది మీ అమ్మ గురించి, అన్నిటికంటే బాగుంది. దాన్ని యూట్యూబ్‌లో పెట్టకముందు అమ్మకి వినిపించు. నాన్న ఆస్పత్రి బిల్లు కోసం గాజులు అమ్మిన సంగతి ఆమెది, నీది కాదు. ఆమె వద్దంటే గాజులు తీసేసి, ఆ రోజు మీ ఇంట్లో నువ్వు చూసిన ఇంకేదైనా పెట్టు. పాట చావదు, ‘లిటిల్ గ్రీన్’ చావలేదు కదా.

కొత్త వెర్షన్లు మార్చేకొద్దీ పంపు. వాట్సాప్‌లో వద్దు, అందులో గిటార్ సరిగ్గా వినిపించట్లేదు. మెయిల్ చెయ్యి. పాటతో పాటు మాటలు కూడా టైప్ చేసి పంపు, ట్యూన్ లేకుండా చదివి చూడాలి.

ఆశీస్సులతో,
అక్క