బొమ్మల నవల గీస్తున్న మేనకోడలికి

విజయవాడ

చిరంజీవి మాధవికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మల నవల చిత్తుప్రతి ఆసాంతం చదివాను. 2024 సెప్టెంబరు వరదల్లో భర్తను పోగొట్టుకున్న సింగ్‌నగర్ ఇల్లాలికి ఆ వీధివాళ్లంతా ఎలా అండగా నిలిచారో చెప్పాలన్న నీ సంకల్పం మంచిదే. అయితే ప్రతి పేజీలోనూ ఆమె చేత కన్నీళ్లు పెట్టించి, దాని కింద ‘గుండె పగిలిపోయింది’ అని మళ్లీ రాశావు. బొమ్మ చెప్పిందే అక్షరమూ చెబితే రెండూ పలచబడతాయి. ఆమె దుఃఖాన్ని ముఖంలో కాక వంటగదిలో చూపించు.

చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించరు కాబట్టి ఇరుగుపొరుగు వాళ్లే వండి తెస్తారు. నీళ్లు తీసిన తరువాత, తమ ఇళ్లలోని బురద ఇంకా ఎత్తిపోసుకుంటున్న వాళ్లు తెచ్చిన గిన్నెలూ క్యారేజీలూ ఆమె గట్టు మీద ఒక్కొక్కటిగా చేరడం, స్టీలు మీద చెక్కించుకున్న పేర్ల గాడుల్లో మట్టి కనిపించడం, ఇవన్నీ ఒక్క మాటైనా లేకుండా రెండు పేజీల నిండా గియ్యి. ఎవరెవరు వచ్చారో పాఠకుడే చదువుకుంటాడు. మామూలు రోజుల్లో మనం ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వం, చిటికెడు పంచదారైనా వేసి పంపుతాం. పెద్దకర్మ దాటి నెలలు గడిచినా ఆ గిన్నెలు బోర్లించే ఉండి, చివరకు సంక్రాంతి ముందు ఒకదానిలో ఇంత చింతకాయ పచ్చడి పెట్టుకుని ఆమె పక్కింటి గడప ఎక్కితే, నీ కథకు మలుపు అదే. చివర్లో పెట్టిన సన్మాన సభ తీసెయ్యి.

సాయం చేసినవాళ్లందరినీ దేవుళ్లను చెయ్యకు. పడవ దగ్గర పాల ప్యాకెట్ల కోసం తోసుకున్న మనిషే సాయంత్రం మేడ మీద ఉప్మా వండి నలుగురికీ పంచవచ్చు. నాకైతే అటువంటి మనిషి మీదే నమ్మకం కుదురుతుంది.

మొదటి పేజీలో కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీని గీశావు. ఆ రోజుల్లో అక్కడ 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైన మాట నిజమే గాని, సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు వాగు. అక్కడివాళ్లు చూస్తే మొదటి పేజీలోనే పుస్తకం మూసేస్తారు.

మాటల బుడగల విషయంలో ముందు అక్షరాలు రాసుకుని, ఆ తరువాతే చుట్టూ గీత గియ్యి. మన లిపిలో గుడులు పైకీ వత్తులు కిందికీ సాగుతాయి కనుక, ఇంగ్లీషు కామిక్సులో వరుసల మధ్య వదిలే ఖాళీ మనకు చాలదు.

ఎవరి కథ ఆధారంగా రాస్తున్నావో ఆ కుటుంబానికి చిత్తుప్రతి చదివి వినిపించు. వాళ్లు వద్దన్న పేజీని, అది నీకెంత నచ్చినా సరే, తీసెయ్యాలి. గిన్నెల పేజీలకు మాత్రం ఇంకు పెట్టకముందే, పెన్సిలు గీతల్లో ఉండగానే నాకు పంపు.

మీ మావయ్య