బండిల్‌లో పది గేమ్‌లుంటే నేను లెక్కేసేది రెండే

మీరు అడిగింది ఇది: విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు లాప్‌టాప్, నెలకు 500 రూపాయలు దాటని బడ్జెట్, "180 డాలర్ల విలువైన పది ఇండీ గేమ్‌లు 12 డాలర్లకే" అని (ఇండీ అంటే చిన్న స్టూడియోలు సొంతంగా చేసే గేమ్‌లు) కనిపిస్తే చాలు చెయ్యి లాగుతోంది. ఇది గిట్టుబాటు బేరమా, లేక డబ్బు దండగా?

గిట్టుబాటే. కాకపోతే ఆ 180 డాలర్ల అంకెను ముందు బుర్రలోంచి తీసెయ్యాలి.

నా సంగతి చెప్తాను. పదేళ్ల పైనుంచి ఈ బండిల్స్, అంటే గేమ్‌లను కట్టగా కలిపి అమ్మే బేరాలు, కొంటున్నాను. ఇప్పుడు స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో నా లైబ్రరీలో 412 గేమ్‌లున్నాయి. మొన్నో ఆదివారం కూర్చుని లెక్కపెడితే ఒక్కసారైనా తెరిచినవి 130, చివరిదాకా ఆడినవి 37. మిగతావన్నీ మా అమ్మ బీరువాలోని ఆషాఢం చీరల్లాంటివి. ఒకటి కొంటే రెండు ఫ్రీ అని తెచ్చినవి, ఇప్పటికీ ఫాల్ కూడా కుట్టించలేదు. ఆవిణ్ని వెక్కిరించడం మానేసి చాలా కాలమైంది.

ఈ బేరానికి ఊపు తెచ్చింది 2010 మే నెలలో వచ్చిన మొదటి హంబుల్ ఇండీ బండిల్. వోల్ఫైర్ అనే చిన్న స్టూడియో వాళ్లు వరల్డ్ ఆఫ్ గూ, అక్వేరియా, గిష్ లాంటి గేమ్‌లను ఒక కట్ట కట్టి, మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి అన్నారు. ఆ డబ్బులో గేమ్ చేసినవాళ్లకెంత, సేవాసంస్థలకెంత అన్నది కూడా కొనేవాళ్లే పంచొచ్చు. 12 లక్షల డాలర్లకు పైనే వచ్చింది. తమాషా ఏంటంటే, ఒక్క సెంటు ఇచ్చినా దొరికేదే అయినా, జరిగిన డౌన్‌లోడ్‌లలో దాదాపు పాతిక శాతం పైసా ఇవ్వకుండా జరిగినవేనని ఆ స్టూడియో వాళ్లే అంచనా వేశారు. నవ్వే హక్కు నాకు లేదు లెండి. అప్పుడు నేను ఇంజినీరింగ్ రెండో ఏడు. వరల్డ్ ఆఫ్ గూ నాకు హాస్టల్లో సీనియర్ పెన్‌డ్రైవ్ మీదే వచ్చింది.

ఇప్పుడు "తోచినంత ఇవ్వండి" అనేది బాగా తగ్గిపోయింది. ఎక్కువగా మెట్లు ఉంటాయి: ఇంత ఇస్తే మూడు గేమ్‌లు, ఇంకాస్త ఇస్తే ఏడు, ఇంకాస్త ఇస్తే మొత్తం. అందరూ కోరుకునే గేమ్ పై మెట్టు మీదే ఉంటుంది. కూరగాయల మార్కెట్లో కొసరు అడుగుతాం చూడండి, ఇక్కడ కొసరే ముందు చూపించి అసలు చివర్లో పెడతారు.

అందుకే నేను బండిల్ పేజీ తెరవగానే గేమ్‌లను అసలు, కొసరు అని రెండుగా విడగొడతాను. రాబోయే రెండు నెలల్లో కచ్చితంగా ఆడతాను అనిపించేవి అసలు. "బాగానే ఉన్నట్టుంది, ఎప్పుడైనా ఆడొచ్చు" అనిపించేవన్నీ కొసరు, వాటి విలువ సున్నా. ఆ "ఎప్పుడైనా" నా విషయంలో పదేళ్లుగా రాలేదు.

తర్వాత అసలు గేమ్‌లు ఇదివరకు విడిగా ఎంత తక్కువకు అమ్ముడయ్యాయో చూస్తాను. దీనికి ఈజ్ దేర్ ఎనీ డీల్ అనే సైటు ఉంది. గేమ్ పేరు కొడితే అతి తక్కువ ధర ఎంతో, ఏయే బండిల్స్‌లో వచ్చిందో చూపిస్తుంది. బండిల్ ధరను పోల్చాల్సింది దీనితో, పూర్తి ధరతో కాదు. ఇండీ గేమ్‌లు విడుదలై ఏడాది రెండేళ్లయ్యాక ఎలాగూ సగం ధరకో, ఇంకా తక్కువకో సేల్‌లో దొరుకుతుంటాయి. పైగా స్టీమ్‌లో మనకు రూపాయల ధర ఉంటుంది. చాలా గేమ్‌లకు అది డాలర్ ధరను నేరుగా మార్చిన దానికంటే తక్కువే. డాలర్లలో అమ్మే బండిల్‌కు ఆ సౌకర్యం లేదు. అమెరికాలో ఉన్న మా బావకు బంగారంలాంటి బేరం నాకు మామూలు బేరం అవడానికి కారణం ఇదే.

నిరుడు నేను కాగితం మీద వేసిన లెక్క ఒకటి చెప్తాను. ఎనిమిది గేమ్‌ల బండిల్, 12 డాలర్లు. ఎనిమిదిలో ఒకటి నా దగ్గర ఉంది. మూడు హారర్, రాత్రి పదకొండు తర్వాత మాత్రమే ఆడే తీరిక ఉన్నవాడికి అవి పనికిరావు. ఒకదానికి వీఆర్ హెడ్‌సెట్ కావాలి. ఒకటి ఆన్‌లైన్‌లో నలుగురుంటేనే ఆట. మిగిలినవి రెండు. ఆ రెండూ విడిగా అంతకుముందు సేల్‌లో 330కి ఒకటి, 240కి ఒకటి వచ్చాయి, కలిపి 570. మరి బండిల్? డాలరు 85 అనుకుంటే 1,020. నా కార్డుకు విదేశీ లావాదేవీ మార్కప్ మూడున్నర శాతం, అంటే దాదాపు 36 రూపాయలు. ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, ఇంకో ఆరు. మొత్తం 1,062. కొనలేదు. రెండిటినీ విష్‌లిస్ట్‌లో పెట్టి, తర్వాతి సేల్‌లో యూపీఐతో రూపాయల్లో కొన్నాను.

మూడు నెలల తర్వాత 8 డాలర్లకు ఇంకో బండిల్ వచ్చింది. అందులో నాకు కావలసినవి నాలుగు, విడిగా అతి తక్కువ ధరల్లోనే 1,300 పైన. చార్జీలన్నీ కలిపి 710 లోపు పడింది. రెండో ఆలోచన లేకుండా కొన్నాను. మీ 500 బడ్జెట్‌ను నెలనెలా ఖర్చు పెట్టేయకుండా రెండు మూడు నెలలు కూడబెట్టమనేది ఇందుకే. మంచి బండిల్ వచ్చేది మీ జీతం తారీఖు చూసి కాదు.

నెలవారీ చందా బండిల్స్ మీకు వద్దనే చెప్తాను. నెల వదిలేసే వీలు ఉంటుంది, కానీ వదిలెయ్యాలని మీకు గుర్తుండాలి. దసరాకు ఊరెళ్లి ఆ సంగతి మర్చిపోయి, బతుకమ్మ దగ్గర నిలబడి ఉండగా ఫోన్‌కి డబ్బు కట్ అయిన మెసేజ్ వచ్చింది నాకు. ఆ నెల ఎనిమిది గేమ్‌లలో ఒక్కటి కూడా ఈ రోజు వరకు ఇన్‌స్టాల్ చేయలేదు.

డబ్బు కట్టేటప్పుడు ఇంకోటి. 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం కొత్త కార్డుల మీద అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆగి ఉంటాయి, బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. బండిల్ ముగియడానికి పది నిమిషాల ముందు కార్డు డిక్లైన్ అయితే టెన్షన్ పడకండి, ముందు అదే చూడండి. పని అయ్యాక మళ్లీ ఆఫ్ చేసెయ్యండి.

ఇక నేను నిజంగా నష్టపోయింది కీల విషయంలో. బండిల్ కొంటే సాధారణంగా వచ్చేది గేమ్ కాదు, స్టీమ్‌లో యాక్టివేట్ చేసుకునే కోడ్, దాన్నే కీ అంటారు. ఒక సైటులో కొన్న బండిల్‌లో రెండు వెంటనే ఆడి, మిగతావి తీరిగ్గా తీసుకుందాం అని వదిలేశాను. పద్నాలుగు నెలల తర్వాత వెళ్తే అందులో నేను ఎక్కువ ఆశపడ్డ గేమ్‌కు "కీలు అయిపోయాయి" అని ఉంది. మెయిల్ పెట్టాను. గడువు తేదీ పేజీలో ఉందని, చూసుకోవాల్సింది నేనేనని నాలుగు మర్యాద వాక్యాల్లో జవాబొచ్చింది. నిజమే, ఉంది. బూడిదరంగు అక్షరాల్లో, చీమ తలకాయంత. అప్పటినుంచి కొన్న రాత్రే కీలన్నీ తీసి యాక్టివేట్ చేసేస్తున్నాను. ఆ పేజీలోనే ఏయే దేశాల్లో పనిచేయదో కూడా రాసి ఉంటుంది, కొనేముందే చూడండి.

స్టీమ్‌లో నేరుగా కొన్న గేమ్ నచ్చకపోతే 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కిస్తారు. బయట కొన్న కీకి స్టీమ్ ఇవ్వదు. కీ ఒకసారి తెరిచాక అమ్మిన సైటు కూడా మామూలుగా ఇవ్వదు. మీ లాప్‌టాప్‌కు ఇది ముఖ్యం. 2డీ గేమ్‌లు చాలామటుకు హాయిగా నడుస్తాయి, కానీ ఇండీ అంటే తేలికైనది అని కాదు. సబ్‌నాటికా అనే 3డీ గేమ్‌ను కూడా ఇండీ అనే అంటారు, విడి గ్రాఫిక్స్ లేని లాప్‌టాప్ మీద అది ఫ్యాను సంగీతకచేరీ. 3డీ అనిపించిన ప్రతిదానికీ డెమో ఉందేమో చూడండి, లేదంటే స్టీమ్‌లోనే కొని మొదటి గంటలో తేల్చుకోండి.

మీ స్టీమ్ అకౌంట్ కొత్తదైతే ఒక చిన్న సంగతి. స్టీమ్‌లో కనీసం 5 డాలర్లకు సమానమైన డబ్బు ఖర్చు పెట్టేదాకా స్నేహితులను చేర్చుకోవడం లాంటివి పనిచేయవు. బయట కొన్న కీలు ఆ లెక్కలోకి రావు.

స్టీమ్ సొంత బండిల్స్ వేరే రకం. ఒకే స్టూడియో గేమ్‌లన్నీ కలిపి, అదనంగా పది శాతమో పదిహేను శాతమో తగ్గిస్తారు. చాలావాటిలో మీ దగ్గర ఇప్పటికే ఉన్న గేమ్ ధర తీసేసి, మిగతావాటికే ఆ తగ్గింపు వేస్తారు. సేల్ నడుస్తుంటే రెండు తగ్గింపులూ కలుస్తాయి: 100 రూపాయల గేమ్ సగం ధరలో 50, బండిల్ పది శాతంతో 45. ఒక స్టూడియో గేమ్ ఒకటి ఆడి నచ్చితే నాకు ఇదే ఇష్టమైన దారి. రిఫండ్ మాత్రం బండిల్ మొత్తానికి కలిపి రెండు గంటలు, ఒక్కో గేమ్‌కు కాదు.

కొంతమంది మీకు కీలు విడివిడిగా ఇంకా అగ్గువకు అమ్మే సైట్ల పేర్లు చెప్తారు. నేనూ ఒకసారి కొన్నాను. గేమ్ సగంలో ఉండగా లైబ్రరీలోంచి మాయమైంది, కీ రద్దయిందట. 150 రూపాయలు పోయింది సరే, ఇరవై గంటల ఆట పోయింది. అలాంటి చోట ఆ గేమ్ చేసిన మనిషికి పైసా ముట్టిందో లేదో కూడా తెలీదు.

ఇప్పుడు నా లెక్కంతా తప్పు అని నిరూపించిన కథ. 2020 జూన్‌లో లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు ఇచ్ (itch.io) అనే ఇండీ గేమ్‌ల సైటులో జాతి న్యాయం కోసం ఒక బండిల్ పెట్టారు. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నల్లజాతీయుల హక్కుల సంస్థలకు విరాళం కోసం పెట్టింది అది. కనీసం 5 డాలర్లు, అంటే అప్పట్లో 400 లోపు. అందులో 1,700కు పైగా ఐటమ్స్. సెలెస్ట్ అనే గేమ్ కోసం కొన్నాను. సెలెస్ట్ నా అసలు, మిగతా పదిహేడు వందలూ కొసరు.

మా అక్క కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు, హనుమకొండలో మా ఇంట్లోనే ఇరుక్కుపోయింది. ఫోన్ లాక్కున్నానని అలిగి కూర్చుంటే, ఆ కట్టలోంచి ఎ షార్ట్ హైక్ అనే గేమ్ తీసి పెట్టాను. క్లెయిర్ అనే పిట్ట ఒక ఫోన్ కాల్ కోసం ఎదురుచూస్తుంటుంది. సిగ్నల్ కావాలంటే కొండ శిఖరం ఎక్కాలి. "అమ్మమ్మ వాళ్లూళ్లో వాటర్ ట్యాంక్ దగ్గరికి వెళ్లినట్టా మామయ్యా?" అంది. అచ్చం అంతే. బంగారు ఈకలు దొరికేకొద్దీ ఇంకా ఎత్తుకు ఎక్కొచ్చు. నేనైతే గంటన్నరలో శిఖరం చేరాను. మా పిల్లేమో మూడు రోజులు కొండే ఎక్కలేదు. గాలం దొరికింది, ఒడ్డున కూర్చుని చేపలు పట్టింది. "ఫోనొస్తుంది, పైకి వెళ్లవా?" అంటే "వాళ్లే మళ్లీ చేస్తార్లే" అంది.

తర్వాత తెలిసింది, ఆ గేమ్ పుట్టిందే బండిల్‌లో. 2019 ఏప్రిల్‌లో హంబుల్ నెలవారీ బండిల్ చందాదారుల కోసం మొదట విడుదలై, ఆ తర్వాతే మిగతా చోట్ల అమ్మకానికి వచ్చింది. అంటే మొదట్లో కొన్నవాళ్లలో చాలామందికి అది కొసరే. సెలెస్ట్ సంగతి అంటారా, మూడో అధ్యాయంలో వేళ్లు నొప్పెట్టి ఆపేశాను.

అందుకని నా పద్ధతికి ఒక మినహాయింపు పెట్టుకున్నాను. కొనేటప్పుడు కొసరు విలువ సున్నాయే. కొన్నాక మాత్రం నెలకో శనివారం రాత్రి కొసరులోంచి కళ్లు మూసుకుని మూడు గేమ్‌లు, ఒక్కోటి అరగంట. నచ్చకపోతే తీసేస్తాను, అపరాధభావం ఏమీ ఉండదు. నేను పూర్తిచేసిన ఆ 37లో పదకొండు ఇలా దొరికినవే. ఇచ్‌లో పెద్ద కట్ట కొంటే అన్నీ వాటంతట అవే లైబ్రరీలోకి చేరవు, బండిల్ పేజీకి వెళ్లి కావలసినదాని పక్కన డౌన్‌లోడ్ నొక్కాలి. ఆ పేజీ లింకు ఉన్న మెయిల్‌కు స్టార్ పెట్టుకోండి. వాటిలో చాలావాటికి స్టీమ్ కీ ఉండదు, నేరుగా ఫైలే వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నా నడుస్తుంది. హాస్టల్ రోజులకు తిరిగొచ్చినట్టే, ఈసారి డబ్బు కట్టి.

ఈ నెలకైతే మీరు చూసిన ఆ 12 డాలర్ల బండిల్ వదిలెయ్యండి, బడ్జెట్‌కు రెట్టింపు. అందులో మీరు నిజంగా ఆడాలనుకుంటున్న రెండు మూడు పేర్లు, మీ లాప్‌టాప్‌లో ర్యామ్ ఎంతో కింద రాయండి. అవి దాని మీద నడుస్తాయో లేదో, విడిగా ఎంతకు వచ్చాయో రాత్రి చూసి చెప్తాను.