ఆర్టీఐ దరఖాస్తుని ‘వ్యక్తిగత సమాచారం’ అని తిప్పి పంపితే ఏం చేయాలి?

మీ మండలంలో సబ్సిడీ మీద వ్యవసాయ పరికరాలు ఎవరెవరికి వచ్చాయో, ఎంతెంత వచ్చిందో జాబితా కావాలని సమాచార హక్కు చట్టం కింద అడిగారు. ‘వ్యక్తిగత సమాచారం, సవరించిన సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వలేము’ అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. ఇక ఆర్టీఐతో లాభం లేనట్టేనా అని అడుగుతున్నారు.

లాభం ఉంది. అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి, మీ కేసు గట్టిదే. ఎందుకు గట్టిదో తెలిస్తే అప్పీలు రాసుకోవడం కూడా తేలికవుతుంది.

8(1)(జె) అంటే ఏ సమాచారం ఇవ్వనక్కర్లేదో చెప్పే మినహాయింపుల్లో ఒకటి. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం అన్నంత మాత్రాన ఆపేయడానికి వీల్లేదు. ప్రజా వ్యవహారాలతో గానీ ప్రజా ప్రయోజనంతో గానీ సంబంధం లేనిదైతేనో, ఆ మనిషి ప్రైవసీలోకి అనవసరంగా చొరబడేదైతేనో ఆపొచ్చు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే అప్పుడూ ఇవ్వాల్సిందే. పైగా పార్లమెంటుకో శాసనసభకో ఇవ్వననడానికి వీల్లేని సమాచారాన్ని మామూలు మనిషికి కూడా ఇవ్వననకూడదని ఒక మాట ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం తన 44(3) సెక్షన్‌తో వీటన్నిటినీ తీసేసింది. ఇప్పుడు 8(1)(జె)లో మిగిలింది ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం’ అన్నంతే. 2025 నవంబరులో ఇది అమల్లోకి వచ్చింది. ఆఫీసు కాగితాల్లో ఏదో ఒక మనిషి పేరు లేనిది ఎక్కడుంటుంది చెప్పండి? ఇవ్వాలని లేని అధికారికి ఇది ఎంత సుళువో మీకు వచ్చిన జవాబే చెబుతోంది.

ప్రైవసీ అక్కర్లేదని నేను అనను. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అది ప్రాథమిక హక్కని తేల్చారు, అది మంచి తీర్పు. కానీ ప్రజల డబ్బు ఎవరి చేతికి వెళ్లిందన్నది దాచుకోవాల్సిన సంగతి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సోషల్ ఆడిట్లలో మస్టరు (కూలీల హాజరు పట్టీ)లోని పేర్లు ఊరందరి ముందూ చదవబట్టే కదా, చనిపోయినవాళ్ల పేరున, ఊళ్లో లేనివాళ్ల పేరున కూలి తీసుకున్న సంగతులు బయటపడ్డాయి. పేర్లు తీసేసి మొత్తం అంకెలే ఇస్తే ఆ దొంగ లెక్క ఎవరికి దొరుకుతుంది?

ఇక మీ విషయం. సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4(1)(బి)ని ఈ సవరణ ముట్టుకోలేదు. ఎవరూ అడక్కముందే ప్రతి ఆఫీసూ తనంతట తాను వెల్లడించాల్సిన వివరాలు అందులో ఉంటాయి. పన్నెండో అంశం చదవండి: సబ్సిడీ పథకాలు ఎలా అమలవుతున్నాయి, ఎంత కేటాయించారు, లబ్ధిదారులు ఎవరు. పదో అంశం ఉద్యోగుల నెల జీతాల గురించి. అంటే ఆఫీసు తానే బయటపెట్టాలని చట్టం చెప్పిన జాబితానే మీరు అడిగారు. అప్పీలులో మొదటి వాక్యం ఇదే రాయండి.

నా అనుభవం ఒకటి చెప్తాను. మా వీధిలో వేసిన సిమెంటు రోడ్డు ఏడాది తిరక్కుండానే పగిలింది. ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) కాపీ, చెల్లించిన బిల్లుల కాపీలు అడిగాను. కాంట్రాక్టరు వ్యక్తిగత వివరాలున్నాయని తిప్పి పంపారు. అప్పీలులో నేను పట్టుకున్నది సెక్షన్ 10. ఒక కాగితంలో ఇవ్వకూడని భాగం ఉంటే అది తీసేసి మిగతాది ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతుంది. బ్యాంకు ఖాతా, పాన్, ఫోన్ నంబరు నాకు అక్కర్లేదు, అవి కొట్టేసి ఇవ్వండి అని స్పష్టంగా రాశాను. విచారణలో అప్పిలేట్ అధికారి (అప్పీలు వినే పై అధికారి) అదే అడిగారు: ‘అవి తీసేస్తే ఇందులో వ్యక్తిగతం ఏముంది?’ పీఐఓ (దరఖాస్తులకు జవాబిచ్చే సమాచార అధికారి) దగ్గర సమాధానం లేదు. చివరికి బిల్లు మీద ఖాతా నంబరు ఉన్నచోట చిన్న తెల్ల కాగితం ముక్క పెట్టి జిరాక్స్ తీసి ఇచ్చారు. ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు, మందం గళ్లు, కింద ఇంజినీరు సంతకం అన్నీ ఉన్నాయి. మందం గడిలో ఉన్న అంకెకీ, పగిలిన చోట టేపు పెట్టి కొలిస్తే వచ్చినదానికీ పొంతన లేదు. నాకు కావలసింది ఆ ఒక్క గడే.

కాంట్రాక్టు తీసుకున్నది కంపెనీ అయితే ఇంకో వాదన కూడా ఉంది. డేటా చట్టం వ్యక్తిగత డేటా అన్నది మనుషుల గురించే, కంపెనీల గురించి కాదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది 8(2). పైన ఎన్ని మినహాయింపులున్నా, దాచడం వల్ల కాపాడే ప్రయోజనం కంటే బయటపెడితే కలిగే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని ఈ సెక్షన్ చెబుతుంది. ఇది చెక్కు చెదరలేదు. సవరణను సమర్థించుకుంటూ కేంద్ర ప్రభుత్వం చెప్పేది కూడా 8(2) ఉంది కదా అనే. అయితే ‘ఇవ్వొచ్చు’ అన్నారు గానీ ‘ఇవ్వాలి’ అనలేదు. నన్ను బాధపెట్టేది ఇక్కడే. ఎందుకు అడుగుతున్నావని పౌరుణ్ని అడగకూడదని సెక్షన్ 6(2) చెబుతుంది. ఈ చట్టానికి ప్రాణం అదే. ఇప్పుడేమో ప్రజా ప్రయోజనం ఏమిటో మనమే వివరించకపోతే పని జరగడం లేదు. హక్కుగా అడిగేది కాస్తా బతిమాలుకోవడంలోకి దిగుతోంది.

అయినా రాయండి. ‘అవినీతి జరుగుతోంది’ అని గాలిలో రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఫలానా సంవత్సరం, ఫలానా పథకం, అర్హత ఉన్న రైతులు దరఖాస్తు పెట్టుకున్నా రాలేదు, కాబట్టి ఎంపిక ఎలా జరిగిందో తెలియాలి అని రెండు మూడు వాక్యాల్లో రాస్తే చాలు. తిరస్కరణ సరైనదేనని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత పీఐఓదేనని సెక్షన్ 19(5) అంటుంది, ఆ మాటా చేర్చండి. తిరస్కరించేటప్పుడు కారణాలు, అప్పీలు గడువు, అప్పిలేట్ అధికారి వివరాలు చెప్పాలని 7(8) అంటుంది. మీకొచ్చిన ఒక్క ముక్క జవాబులో ఇవి లేకపోతే అదీ ఎత్తిచూపండి.

ఆధార్, ఫోన్, ఖాతా నంబర్లు వద్దని మీరే ముందుగా రాసేయండి. పేరు, ఊరు, పరికరం, సబ్సిడీ మొత్తం, తేదీ చాలు. వీలైతే రికార్డు చూసుకోవడానికి అనుమతి కూడా అడగండి, సెక్షన్ 2(జె) ప్రకారం అది కూడా మీ హక్కే.

జవాబు అందిన 30 రోజుల్లోగా మొదటి అప్పీలు పడాలి, ఫీజు లేదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కాదంటే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. అది నెమ్మదిగా సాగుతుంది, ముందే చెప్తున్నాను. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేరు, అన్ని రోజులూ అప్పీళ్లు గుట్టలు పడ్డాయి. అందుకే మొదటి అప్పీలునే పూర్తి వాదనలతో, సెక్షన్ నంబర్లతో సహా రాయమంటున్నాను. మీకొచ్చిన జవాబులో పేర్లు, చిరునామాలు తీసేసి ఇక్కడ పెడితే, అప్పీలు ముసాయిదా చూసి చెప్తాను.