బస్కీలు తీస్తే మోకాళ్ళు అరుగుతాయా? మెట్లు దిగలేక నేర్చుకున్నది

మీరు అడిగినవి రెండు: స్క్వాట్స్, అంటే మన బస్కీలు, రోజూ చేస్తే ఏం ఒరుగుతుంది, నలభై దాటినవాళ్ళకి మోకాళ్ళు అరిగిపోవా అని. రెండోదే ముందు చెప్తాను. ఆ భయంతోనే నేను పదేళ్ళు ఊరికే కూర్చున్నాను మరి.

మాది తిరుపతి. గాంధీరోడ్డులో ఒక బట్టలకొట్టుకి లెక్కలు రాస్తాను. పొద్దున పదికి కూర్చుంటే రాత్రి తొమ్మిది దాకా కుర్చీ వదిలే పని లేదు. మూడేళ్ళ కిందట మా అబ్బోడి మొక్కు ఉండి అలిపిరి మెట్లెక్కాం. 3550 మెట్లు, దగ్గర దగ్గర 9 కిలోమీటర్లు. ఆయాసపడుతూ, అక్కడక్కడ కూర్చుంటూ ఎలాగో ఎక్కేశాను. మోకాళ్ళ మెట్టు కూడా దాటాను. దర్శనం అయినాక బస్సెక్కుదామంటే, నడిచే దిగుదామని వాడు పట్టుబట్టాడు. అక్కడ దొరికిపోయాను.

గాలిగోపురం దాటితే కిందికి తెగకుండా మెట్లే కదా. కాలు పెట్టినప్పుడల్లా మోకాలి పైన తొడ కుట్టుమిషను సూది మాదిరి వణికింది. కడాకి పక్కనున్న కమ్మీ పట్టుకుని, అడ్డంగా తిరిగి, ఎండ్రకాయ మాదిరి దిగాను. ఎదురుగా ఒక పెద్దావిడ మెట్టుమెట్టుకీ ఒంగి పసుపు, కుంకుమ పెడుతూ పైకి వస్తోంది. అరవై ఐదు ఉంటాయేమో. తలెత్తి నన్ను చూసి "నిదానంగా దిగు నాయనా" అనింది. నాకప్పుడు నలభై నాలుగు!

ఆ తర్వాత మూడు రోజులు గొంతుక్కూర్చోవాలంటే ఏడుపొచ్చింది. చిప్పలు అరిగిపోయాయని ఖాయం చేసుకుని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి పోయాను. అటూ ఇటూ వంచి చూసి, "మోకాలు బాగానే ఉంది సార్, దాన్ని కాయాల్సిన తొడలోనే బలం లేదు" అనింది. ఎక్కేటప్పుడు తొడకండ ముడుచుకుంటూ ఒంటిని లేపుతుంది. దిగేటప్పుడు సాగుతూనే బరువునంతా బ్రేకు మాదిరి ఆపాలి. అలవాటు లేని కండకి ఈ రెండో పనే చేటు. మరుసటి రోజు, ఆ పైరోజు నొప్పి ఎక్కువయ్యేది అందుకేనట. స్క్వాట్‌లో కిందికి దిగడం అచ్చంగా ఆ బ్రేకు పనే.

ఇంక అరుగుదల సంగతి. కీలు మధ్యనుండే మెత్తటి పొరకి నేరుగా రక్తం అందదు. బరువు పడి, వదిలి, మళ్ళీ పడుతుంటేనే కీలులోని జిగురునీళ్ళ నుంచి దానికి తిండి అందుతుంది. బాగున్న మోకాలిని కదలకుండా దాచిపెట్టి కాపాడటం అనేది లేదు. అయితే వాపు ఉన్నా, ఎప్పుడో దెబ్బ తగిలి కాలు పట్టు తప్పుతున్నా, మొదట డాక్టరుకి చూపించుకోండి. నా కథ వినేసి మొదలుపెట్టొద్దు.

ఆమె నాకు బస్కీలు చెప్పలేదు, కుర్చీ చూపించింది. కూర్చో, లే, చేతులు ఆనించకుండా. ఒక విడతకి 10, రోజు విడిచి రోజు మూడు విడతలు. ఇంతేనా అనిపించింది. ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ నట్టింట్లో వేసుకుని మొదలుపెడితే, ఆరోసారి కూర్చునేటప్పటికి కుర్చీ బండల మీద వెనక్కి జారింది, నేను కింద. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి కుర్చీకేమైనా అయిందా అని చూసింది. కుర్చీని గోడకి ఆనించి పెట్టుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

కాళ్ళు భుజాలంత ఎడం, వేళ్ళు కాస్త బయటికి. ముందు పిర్రలు వెనక్కి పోవాలి, పొట్టి పీట కోసం వెతుక్కున్నట్టు. మోకాలు కాలివేళ్ళు చూసే వైపే పోవాలి, లోపలికి ఒరగకూడదు. వేళ్ళు దాటి ముందుకొస్తే కొంపేం మునగదు కానీ మడమ మాత్రం లేవకూడదు. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది, బీపీ ఉన్నవాళ్ళు ఇది పట్టించుకోవాలి. బడిలో మనచేత తీయించిన గుంజీళ్ళు కూడా ఇదే జాతి. చెవులు పట్టుకుంటే మెదడు పదునెక్కుతుందంటారు, నా లెక్కల్లో అయితే తేడా కనపళ్ళేదు.

లాభాలంటారా, పొట్ట తగ్గుతుందని ఆశపడకండి. ఒకచోట కండ కదిలిస్తే ఆ చోటి కొవ్వే కరగదు. ఆరు నెలల్లో నా బరువు కిలో కూడా తగ్గలేదు. షుగరు బార్డర్లో ఉండేది, కొంచెం దిగింది. తొడలు, పిర్రలు ఒంట్లో పెద్ద కండలు, పనిచేసేటప్పుడు ఇన్సులిన్ తోడు లేకుండా కూడా రక్తంలోని చక్కెర లాక్కుంటాయి. అందుకే మధ్యాహ్నం అన్నం తిన్నాక కొట్టు గోడౌన్లో, చీరల మూటల మధ్య ఒక పది తీస్తాను. కానీ అప్పుడే అన్నం సగం చేసి రాత్రికి రాగిసంగటి మొదలుపెట్టాను, కాబట్టి పేరంతా దీనికే ఇవ్వలేను.

నేను నిజంగా నమ్మింది మా అమ్మను చూసి. ఆమెకి డెబ్బై రెండు. పెద్దవాళ్ళ కాళ్ళ బలం చూడటానికి ఒక పరీక్ష ఉంది: చేతులు గుండెకి అడ్డంగా కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేస్తారో లెక్కపెట్టడం. ఆ వయసు ఆడవాళ్ళకి 10 కంటే తగ్గితే పడిపోయే ముప్పు ఎక్కువని లెక్క. అమ్మ 7 దగ్గర ఆగింది. రోజూ సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఐదు లేపించాను, పక్కనే నిలబడి. నాలుగు నెలలకి 11 అయింది. పోయిన వినాయక చవితికి పూజ దగ్గర కింద కూర్చుని, నా చెయ్యి కోసం చూడకుండా లేచింది.

ఆ ప్లాస్టిక్ కుర్చీ ఇప్పుడు అమ్మ వాడుతోంది. నేను పీట ఎత్తుకి దిగాను.